నీరే గడియ

బోరు మోటారు కాలిపోయిందని గొట్టాలు పైకి లాగినప్పుడు, చెయ్యి తిరిగిన మెకానిక్ మోటారుని వెంటనే విప్పడు. ముందు కేబులు జాయింటు చేతిలోకి తీసుకుంటాడు. టేపు కింద చెమ్మ చేరిందా, రబ్బరు ఉబ్బిందా, రాగి తీగ నల్లబడిందా అని చూస్తాడు. చాలాసార్లు జబ్బు అక్కడే దొరుకుతుంది. నీళ్లలో బతికే యంత్రం ఒంటి నడుమ చెడడం అరుదు. కీళ్ల దగ్గర, అతుకుల దగ్గర, లోపలికీ బయటికీ దారి ఉన్నచోట చెడుతుంది.

ఆ యంత్రం లోపల మనిషే కూర్చుంటే ఆ దారుల్ని ఎంత శ్రద్ధగా మూయాలో ఊహించండి. ఇంటి వెనక షెడ్డులో సొంతంగా జలాంతర్గామి కట్టుకునేవాళ్లు అమెరికాలోనూ యూరప్‌లోనూ కొద్దిమంది ఉన్నారు. వాళ్లలో చాలామందికి దారి చూపినవాడు జార్జ్ కిట్రెడ్జ్. అమెరికా నౌకాదళంలో జలాంతర్గాముల మీద పనిచేసి, విరమించాక మెయిన్ రాష్ట్రంలో చిన్న జలాంతర్గాములు కట్టాడు. వాటి ప్లాన్లు కూడా అమ్మాడు. కె-250 ఒక్క మనిషికి, 250 అడుగుల లోతుకి. కె-350 ఇద్దరికి, 350 అడుగులకి. పేర్లలోనే లోతు ఉంది. మీటర్లలో చెబితే ఒకటి 76, రెండోది 107.

అలాంటి పడవకి ఉక్కు గుల్ల కట్టడం కష్టమే కానీ అందులో తెలియనిదేమీ లేదు. గుండ్రటి పీపా, రెండు చివరలా బోర్లించిన గిన్నెల్లాంటి మూతలు, లోపల పక్కటెముకల్లా కట్లు. ఎంత మందం రేకు ఎంత లోతుకి ఓర్చుకుంటుందో లెక్కగట్టే సూత్రాలు పుస్తకాల్లో ఉన్నాయి. అసలు పని అంత చక్కని గుల్లకి తూట్లు పొడవడంతో మొదలవుతుంది. మనిషి దిగే హ్యాచ్, కిటికీలు, మోటార్లకీ దీపాలకీ కరెంటు తీగలు, చుక్కానిని తిప్పే కడ్డీ, పడవని ముంచి తేల్చే బ్యాలస్ట్ ట్యాంకులకి గాలి గొట్టాలు, లోతు చెప్పే గేజికి సన్నటి గొట్టం, ఆపదలో వదిలేసే సీసపు బరువుని పట్టి ఉంచే బోల్టు. చిన్న పడవలో కూడా లెక్క తేలిగ్గా ఇరవై దాటుతుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి లోపల నడిచినవాళ్లకి, గోడ కనబడనంతగా అల్లుకున్న గొట్టాలూ తీగలూ గుర్తుండే ఉంటాయి. వాటిలో బయటి నీటితో పనిబడిన ప్రతిదానికీ గుల్లలో ఒక తూటు ఉండాల్సిందే.

పది మీటర్లు దిగితే చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువు కూడుతుంది. 75 మీటర్ల సముద్రపు నీటిలో అది ఏడున్నర కిలోల పైమాట. అక్కడ ఒక సెంటీమీటరు వెడల్పు తూటు తెరుచుకుంటే నిమిషానికి వంద లీటర్లు లోపలికి వస్తాయి. మనం ఇంటికి తెప్పించుకునే ఇరవై లీటర్ల వాటర్ క్యాను పన్నెండు సెకన్లలో నిండిపోతుంది. నీటిలో బరువు తూకంగా నిలబడిన పడవకి ఎక్కిన ప్రతి లీటరూ ఒక కిలో అదనపు బరువే. అందుకని ఈ తూట్ల మీద చూపే శ్రద్ధని చాదస్తమనడానికి లేదు.

గుల్లకి వృత్తంగా కోత పెట్టగానే, అంతవరకూ చుట్టూ సమంగా పారుతున్న ఒత్తిడి దారి తెగుతుంది. తెగిన దారి అంచుల చుట్టూ మళ్లి అక్కడ గుమిగూడుతుంది. అందుకే కోసి తీసేసినంత ఉక్కునైనా మందపాటి కంకణం రూపంలో ఆ అంచుకే తిరిగి వెల్డింగ్ చేస్తారు. ఇక్కడ అనుభవజ్ఞుల ముందుచూపు ఒకటి చెప్పాలి. గుల్ల కట్టేటప్పుడే అవసరమైన వాటికన్నా నాలుగైదు కంకణాలు ఎక్కువ పెట్టి, వాటిని మరలు తిరిగే బిరడాలతో మూసేస్తారు. రేపు కొత్త దీపమో గేజో పెట్టాలనిపిస్తే, పరీక్ష నెగ్గిన గుల్లని మళ్లీ కోయక్కర్లేదు.

హ్యాచ్ సంగతి చూద్దాం. వంటింట్లో లోపలి మూత కుక్కర్ తెలిసినవాళ్లకి ఇది సగం తెలిసినట్టే. కోలగా ఉన్న మూతని ఏటవాలుగా లోపలికి దూర్చి పైకి లాగి పెడతాం. ఆవిరి పుట్టేకొద్దీ అది మూతని కిందనుంచి అంచుకి నొక్కి పట్టుకుంటుంది. ఆవిరి ఎంత బలంగా ఉంటే మూత అంత బిగుసుకుంటుంది. జలాంతర్గామి హ్యాచ్‌దీ అదే తెలివి, దిశ మాత్రం తిరగబడింది. ఇక్కడ ఒత్తిడి బయటిది కనక మూత బయటినుంచి కూర్చుంటుంది. 60 సెంటీమీటర్ల వ్యాసమున్న మూత మీద 75 మీటర్ల దగ్గర నీరు మోపే బరువు దాదాపు 22 టన్నులు. అంత బరువుతో బిగించే మర ఏ దుకాణంలోనూ దొరకదు. సముద్రం తనే గడియ వేసి పెడుతుంది.

అయితే ఆ 22 టన్నులూ రబ్బరు మీద పడకూడదు. మూత అంచూ అది కూర్చునే పీటా రెండూ లేతు మీద చదునుగా తీసినవై, లోహం లోహానికి ఆని బరువు మోయాలి. రబ్బరు రింగు పక్కన గాడిలో కూర్చుని నీటిని ఆపే పని మాత్రమే చేయాలి. మోసేది ఒకటి, ఆపేది మరొకటి. ఈ పని విభజన సరిగా లేని హ్యాచ్‌లో రింగు నలిగి చస్తుంది. గాడి అడ్డుకోతని కూడా మామూలు చతురస్రంగా కాక, అడుగున వెడల్పుగా, నోటి దగ్గర ఇరుకుగా కోస్తారు. మూత ఎత్తినప్పుడల్లా రింగు జారి పడిపోకుండా ఆ ఇరుకు నోరు పట్టుకుంటుంది.

కొత్తగా కట్టినవాళ్లని తికమకపెట్టే విషయం ఇక్కడే ఉంది. నీటి మీద తేలుతున్నప్పుడు హ్యాచ్ అంచునుంచి చుక్కలు పడతాయి. ఇరవై మీటర్లు దిగగానే ఆగిపోతాయి. లోతుకి వెళితే ఎక్కువ కారాలి కదా అనిపిస్తుంది. పైన ఉన్నప్పుడు మూతని నొక్కే నీరు లేదు, గడియ ఇంకా పడలేదు. రింగుకి మొదటి నొక్కుడు ఇవ్వడానికే లోపల చేతి మరలు ఉంటాయి. ఆ కాస్త బిగింపు మనిషి ఇవ్వాలి, తరవాతది నీరు చూసుకుంటుంది. చిన్న పడవలకి లోతుతో సమానమైన గండం ఒకటి ఒడ్డు పక్కనే ఉంది. పైకి తేలాక హ్యాచ్ తెరిచిన క్షణంలో ఒక అల వచ్చి లోపలికి పోసిందంటే ఏ సీలూ కాపాడదు. హ్యాచ్ చుట్టూ నిలువుగా కాలరు ఎత్తుగా కట్టేది అందుకే.

ఈ పడవల్లో దాదాపు ప్రతి కీలులోనూ ఉండే ఓ-రింగు కథ చెప్పుకోదగ్గది. డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ నీల్స్ క్రిస్టెన్సెన్ 1937లో దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు, అప్పటికి ఆయనకి 72 ఏళ్లు. 1939లో పేటెంటు వచ్చింది. గుండ్రటి రబ్బరు ఉంగరం అంతకుముందూ ఉంది. ఆయన చేసిన గొప్ప పని, దాన్ని ఎంత గాడిలో పెట్టాలో కనిపెట్టడం. రింగు మందానికి గాడి వెడల్పు దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటే, రింగు ఆ గాడిలో నలిగిపోకుండా కదులుతూ మన్నుతుంది.

లోపల జరిగేది చూడండి. గాడి లోతు రింగు మందం కన్నా కొంచెం తక్కువ కనక మూత పెట్టగానే రింగు కాస్త అణిగి, పైకీ కిందికీ ఒరుసుకుంటుంది. ఇది పుట్టు బిగింపు. నీరు ఒక పక్కనుంచి వచ్చి రింగుని అవతలి గోడకి తోస్తుంది. రబ్బరు ఆకారం మార్చుకుంటుందే కానీ ఘనపరిమాణం తగ్గించుకోదు. చిక్కటి ద్రవంలాగా, తన మీద పడిన ఒత్తిడిని అన్ని వైపులకీ పంచుతుంది. కాబట్టి గోడలమీద రింగు నొక్కుడు ఎప్పుడూ నీటి ఒత్తిడికి పుట్టు బిగింపు కలిపినంత ఉంటుంది. నీరు ఎంత పెరిగినా రింగు దానికన్నా ఆ కాస్త ముందే ఉంటుంది. ఇంత చవకైన వస్తువులో ఇంత నిలకడైన తర్కం దాగి ఉందని అర్థమయ్యాక, ఓ-రింగుని చెత్తబుట్టలో వేయడానికి నాకు చెయ్యి రాదు.

ఈ తర్కం నిలవాలంటే కొన్ని కొలతలు తప్పకూడదు. కదలని కీలులో రింగు మందంలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా అణగాలి. కదిలే కడ్డీ చుట్టూ అయితే ఎనిమిదో వంతు చాలు, లేకపోతే రాపిడికి అరుగుతుంది. గాడిని రబ్బరుతో నిండా నింపకూడదు, ఉబ్బడానికి చోటు మిగలాలి. గాడి అడుగున లేతు గీతలు గుండ్రంగా రింగు వెంట సాగితే ఫరవాలేదు. అడ్డంగా పడిన ఒక్క గీత మాత్రం నీటికి తవ్వి ఇచ్చిన కాలవే. ఒక వెంట్రుక, ఒక ఇసుక రేణువు కూడా అంతే. మూసే ముందు రింగుని వేళ్ల మధ్య జార్చుతూ చుట్టూ తడిమి, పలచగా సిలికాన్ గ్రీజు రాస్తారు. గ్రీజు దట్టంగా పట్టిస్తే ఇసుకని పట్టుకుని కూర్చుంటుంది. చలికి రబ్బరు బిగుసుకుని ఆకారం మార్చుకోవడంలో వెనకబడితే ఏమవుతుందో 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక ప్రమాదంలో లోకమంతా చూసింది. అది గాలిలో జరిగింది, ఆపాల్సింది మండే వాయువుని. కానీ లోతు నీళ్లూ చల్లటివే. రింగు ఎన్నిక అక్కడి చలిని బట్టి జరగాలి.

కిటికీలో ఇదే ఆలోచన ఇంకా అందంగా ఉంటుంది. లోతు నీటి కిటికీని మందమైన అక్రిలిక్ దిమ్మ నుంచి, బయట వెడల్పూ లోపల ఇరుకూగా, కొస తెగ్గొట్టిన శంకువులా మలుస్తారు. ఉక్కు పీటని కూడా అదే వాలులో తీస్తారు. కిటికీ ఒక బిరడా. నీరు నొక్కేకొద్దీ వాలు మీద జారి ఇంకా గట్టిగా కూర్చుంటుంది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఆగస్ట్ పికార్డ్ లోతు సముద్రపు పరికరాలకి గాజుని పక్కనపెట్టి ఇలాంటి ప్లెక్సీగ్లాస్ శంకువుల్ని వాడాడు. ఆయన రూపొందించిన ట్రియెస్ట్ అనే లోతు సముద్రపు పడవ 1960 జనవరి 23న మరియానా అగాధం అడుగుకి దిగింది. గాజుకి ఒక చోట ఒత్తిడి ఎక్కువైతే సర్దుకునే గుణం లేదు, పగిలిపోతుంది. అక్రిలిక్ కొంచెం వంగి, పీటలో ఉన్న సూక్ష్మమైన ఎగుడుదిగుళ్లకి ఒదిగి, భారాన్ని పంచుకుంటుంది. చెడిపోయే ముందు సన్నటి జాలు గీతలతో చెబుతుంది కూడా.

అక్రిలిక్ పాడయ్యేది ఎక్కువగా ఒడ్డు మీద, మంచి మనసుతో తుడిచినప్పుడు. అసిటోను, పెయింటు థిన్నరు, స్పిరిటు కలిసిన గాజు తుడిచే మందు తగిలితే ఒత్తిడి దాచుకున్న అక్రిలిక్‌లో కంటికి ఆనని చీలికలు పుడతాయి. సబ్బు నీళ్లు, మెత్తటి బట్ట తప్ప మరేదీ వాడకూడదు. కోసి, మెరుగుపెట్టిన తరవాత కొలిమి పెట్టెలో నెమ్మదిగా వేడిచేసి ఇంకా నెమ్మదిగా చల్లార్చడం కూడా ఆ దాగిన ఒత్తిడిని విడిపించడానికే. పైకి ఒకేలా మెరిసే రెండు దిమ్మల్లో ఒకటి ఇలా చల్లారినది, ఒకటి కానిది కావచ్చు. కంటితో తేడా చెప్పలేం. అందుకే ప్రతి కిటికీతోపాటు అది ఎప్పుడు, ఎలా తయారైందో చెప్పే కాగితం ఉండాలి. కనిపించడం ఎంత నిర్మలంగా ఉన్నా ఇన్నేళ్లకని గడువు పెట్టి మార్చేయాలి.

తిరిగే కడ్డీ దగ్గరికి వచ్చేసరికి నీటి సాయం తగ్గిపోతుంది. నీరు ఇక్కడ కడ్డీ పొడవునా పాకడానికి చూస్తుంది. పాత ఇంజన్ పంపుల్లో గ్లాండ్ దారం చుట్టి నట్టు బిగించే పద్ధతి మన రైతులకి తెలిసిందే. మరీ బిగిస్తే దారం మాడుతుంది, కడ్డీ అరుగుతుంది. చుక్క చుక్క కారుతుంటేనే దానికి చలవ. పొలంలో ఆ చుక్క మేలు చేస్తుంది. మూసిన గుల్లలో అదే చుక్క గంటలు గడిచేకొద్దీ బరువవుతుంది.

ఈ చిక్కుని ఒక ఇంటి పనివాడు ఎప్పుడో ఎదుర్కొన్నాడు. 1775లో అమెరికాలోని కనెక్టికట్‌లో, యేల్ కాలేజీ విద్యార్థి డేవిడ్ బుష్నెల్ ఓక్ చెక్కతో ఒంటిమనిషి జలాంతర్గామి కట్టాడు. పేరు టర్టిల్. 1787లో థామస్ జెఫర్సన్‌కి రాసిన వివరణలో తూట్ల సంగతి చెప్పాడు. చెక్కలోకి ఇత్తడి గొట్టాలు దిగగొట్టాడు. వాటి లోపలి రంధ్రాలు కచ్చితంగా తీయించాడు. అందులో తిరిగే ఇనుప కడ్డీల్ని లేతు మీద ఆ రంధ్రానికి సరిపోయేలా తిప్పించాడు. ఆ కీళ్లని ఎప్పుడూ నూనెతో నింపి ఉంచేవాడు, తుప్పు పట్టకుండా, నీరు చొరకుండా. గాలి గొట్టాలకి నీరు అంచుకి రాగానే తమంతట తాము మూసుకునే కవాటాలు పెట్టాడు. అడుగున కట్టిన సీసంలో 200 పౌన్లని ఆపదలో కిందికి దించే ఏర్పాటూ చేశాడు. నేటి ఇంటి పడవలో చుక్కాని కడ్డీని చూడండి. ఇత్తడి బుష్, లేతు మీద నునుపు తీసిన కడ్డీ, రెండు ఓ-రింగులు, వాటి నడుమ గ్రీజు. బుష్నెల్ దగ్గర లేనిది ఆ రెండు రింగులే.

ఆ కడ్డీకే ఇంకో చిన్న ఏర్పాటు ఉంటుంది. 25 మిల్లీమీటర్ల కడ్డీని 75 మీటర్ల దగ్గర నీరు దాదాపు 38 కిలోల బరువుతో లోపలికి తోస్తుంది. లోపలి నట్టు ఎప్పుడైనా వదులైతే కడ్డీ బాణంలా రాకుండా, బయటివైపు కడ్డీ మీదే ఒక భుజం వదిలి తీస్తారు. భుజం బుష్‌కి ఆనుతుంది. తీగలు వచ్చే ఫిట్టింగులకీ ఇదే నియమం, వెడల్పు అంచు ఎప్పుడూ బయటే ఉండాలి. నట్టు ఊడినా నీరు దాన్ని లోపలికి నెట్టలేదు, ఇంకా గట్టిగా గుల్లకి అదుముతుంది. పనివాడి తెలివి నాకు ఎక్కువగా కనిపించేది ఇలాంటి చోటే. భాగం విరగదని నమ్మి ఊరుకోకుండా, విరిగితే ఎటు పడాలో ముందే నిర్ణయించాడు.

నిమిషానికి వందలసార్లు తిరిగే ప్రొపెల్లర్ కడ్డీకి ఇదీ చాలదు. అందుకని చాలామంది మోటారునే గుల్ల బయట పెట్టేస్తారు. చేపల వేట పడవలకి వాడే చిన్న ట్రోలింగ్ మోటారు తీసుకుని, దాని డొక్కలో గాలి లేకుండా పలచటి నూనె నింపుతారు. పక్కనే మెత్తటి రబ్బరు తిత్తి కలుపుతారు. సముద్రం తిత్తిని నొక్కుతుంది, తిత్తిలోని నూనె మోటారు లోపలినుంచి అంతే బలంతో బయటికి నొక్కుతుంది. సీలుకి ఇవతలా అవతలా ఒకే ఒత్తిడి. 75 మీటర్ల లోతులో ఉన్నా ఆ సీలుకి తాను గంగాళంలో ఉన్నట్టే ఉంటుంది. నూనెలో తిరగడానికి మోటారుకి కొంత కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది, ఇచ్చిన దానికి అది చాలా తక్కువ ధర. హోండూరస్‌లోని రొవాటాన్ ద్వీపంలో పేరుపొందిన కార్ల్ స్టాన్లీ తన మొదటి జలాంతర్గామిలో ఇంకా ముందుకెళ్లి మోటారే పెట్టలేదు. బరువు మార్చుకుంటూ, రెక్కల వాలు మీద గ్లైడరులా జారుతూ తిరిగేది అది. పెట్టని తూటు ఎన్నటికీ కారదు.

మోటారు బయట ఉంటే తీగ లోపలికి రావాలి కదా. తూట్లన్నిటిలోకీ నమ్మించి మోసం చేసేది ఇదే. తీగ చుట్టూ ఎంత బాగా సీలు చేసినా, తీగ తనే ఒక గొట్టం. పేట్లు పేట్లుగా ఉన్న రాగి పోగుల మధ్య సందులుంటాయి. పది అడుగుల అవతల తొడుగు మీద రాయి గీరుకుందంటే, నీరు ఆ సందుల వెంట పాకి, చెక్కుచెదరని సీలు మధ్యలోంచే వచ్చి మనిషి ఒళ్లో పడుతుంది. దీనికి మందు, పోగుల దారిని తెంచడం. ఇత్తడి గొట్టం లోపల తీగ తొడుగు ఒలిచి, ఒక్కొక్క తీగనీ గట్టి రాగి కడ్డీ ముక్కకి టంకం వేసి, అవతలి నుంచి మళ్లీ తీగ మొదలుపెడతారు. కడ్డీలు ఒకదాన్నొకటి తాకకుండా సర్ది, గొట్టమంతా ఎపాక్సీ పోస్తారు. పోసే ముందు ఇత్తడిని గరుకు చేసి జిడ్డు లేకుండా తుడుస్తారు, బుడగలు పైకి వచ్చేదాకా ఆగుతారు. గొట్టం లోపల వాలు బయటికి వెడల్పుగా ఉంటే ఆ ఎపాక్సీ ముద్ద కూడా కిటికీలాంటి బిరడా అవుతుంది. బజారులో దొరికే కేబుల్ గ్లాండ్ మీద ఐపీ68 అని ఉందని తృప్తిపడేవాళ్లున్నారు. ఆ ముద్ర చెప్పేది, తయారుదారు నిర్ణయించిన లోతులో ఎడతెగకుండా మునిగి ఉండగలదని మాత్రమే. ఆ లోతు ఒకటిన్నర మీటరే కావచ్చు.

నీరు లేదా గాలి పారే గొట్టాలకి గుల్లని ఆనుకునే ఒక కవాటం, కొంచెం లోపల రెండోది. మొదటిది పడవకి, రెండోది పనికి. 1963 ఏప్రిల్ 10న అమెరికా అణు జలాంతర్గామి థ్రెషర్ 129 మందితో మునిగిపోయినప్పుడు ఉప్పునీటి గొట్టపు అతుకు మీదే అనుమానం పడింది. ఆ తరవాత వాళ్ల నౌకాదళం గుల్లనీ, సముద్రపు నీరు తగిలే ప్రతి అతుకునీ, అది ఎవరి చేతిలో ఎప్పుడు తయారైందో కాగితాలతో సహా తనిఖీ చేసే విధానం తెచ్చింది. షెడ్డులో పనిచేసేవాడికి అంత యంత్రాంగం లేదు, కానీ నోటు పుస్తకం ఉంటుంది. ప్రతి తూటుకీ ఒక నంబరు, రింగు కొలత, వేసిన తేదీ, మార్చిన తేదీ.

లోహాల మాట కూడా ఆ పుస్తకంలో ఉండాలి. ఉక్కు గుల్లలో ఇత్తడి పెడితే ఉప్పునీటిలో ఉక్కు కరగడం మొదలవుతుంది, అందుకు బలిగా జింకు దిమ్మలు కడతారు. తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ స్టీల్ పెడితే ఇంకో చిక్కు. దాని రక్షణ పొర బతకడానికి ప్రాణవాయువు కావాలి. ఓ-రింగు కింద ఇరుకులో నిలిచిన ఉప్పునీటిలో అది అందదు. సరిగ్గా సీలు ఆనే గీత మీదే గుంటలు పడతాయి, బయటినుంచి ఏమీ కనబడదు. రింగులు చెడకపోయినా ఏడాదికోసారి విప్పి చూడమనేది ఇందుకే.

అన్నీ బిగించాక మొదటి పరీక్ష ఒడ్డు మీదే. హ్యాచ్ మూసి లోపలి గాలిని పంపుతో కొద్దిగా లాగుతారు. లోపల పెట్టిన భారమితి ముల్లుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. ముల్లు గంటలకొద్దీ కదలకపోతే గడియలన్నీ పడ్డట్టు. పొద్దెక్కి గుల్ల వేడెక్కితే లోపలి గాలి ఒత్తిడి కూడా పెరుగుతుంది కనక ఉష్ణోగ్రత పక్కనే రాసుకోవాలి. రెండో పరీక్షకి పడవని మనిషి లేకుండా, తాడు కట్టి, పనిలోతుకి 1.25 రెట్లు దించుతారు. కె-250 లాంటిదైతే 95 మీటర్లు. కాసేపు అక్కడే ఉంచి పైకి తీసి, హ్యాచ్ తెరిచి, టార్చి పట్టుకుని ఒకటో నంబరు నుంచి చివరి నంబరు దాకా వేలితో తడుముతారు. తడి ఆరిపోయినా ఉప్పు ఆరదు, సన్నటి తెల్ల గీత మిగులుతుంది. ఆ గీత ఒక్క చోట కనిపించినా రింగు మార్చి, గాడి శుభ్రం చేసి, పడవని ఖాళీగానే మళ్లీ 95 మీటర్లకి దించుతారు.